టవర్‌కి కావా పోసిన విలికెసా

"సిమ్ కార్డా? పరాయి దేశంలో సిమ్ కార్డు సంగతి నన్నా తల్లీ అడుగుతున్నావు!" అంటూ విలికెసా చాప మీద ముందుకి జరిగి కూర్చున్నాడు. ఈ ఆదివారం మధ్యాహ్నం ఇక ఆయన చేతుల్లోకి వెళ్ళిపోయిందని మాకందరికీ అర్థమైపోయింది.

అడిగింది లితియా. విలికెసాకి చెల్లెలి కూతురు. వాళ్ళమ్మ పుట్టిన ఊరికే మళ్ళీ కోడలిగా వచ్చింది. మొగుడు సకియుసా మా ఫిజీ నుంచి ఆస్ట్రేలియాలో పొలం పనికి వెళ్ళి నెల కావస్తోంది. క్షేమంగా చేరాడు, పనిలో ఉన్నాడు అని లంబాసా పట్నంలో ఆ పనికి పంపే ఆఫీసువాళ్ళు చెప్పారు. కానీ అతని దగ్గర్నుంచి ఒక్క ఫోను లేదు, ఒక్క మెసేజీ లేదు. ఊళ్ళో సిగ్నల్ వచ్చేది ఈ పడవల పాకలోనే, అందులోనూ సముద్రం వైపు రాట దగ్గరే. ఆ రాటకి మేకు కొట్టి, మేకుకి సంచీ తగిలించి, సంచీలో ఫోను పెట్టి పిల్ల రోజూ దాని కింద కూర్చుంటోంది. ఇవాళ చర్చి అయ్యి, భోజనాలయ్యాక, ఒక్కతీ కూర్చోవడం చూళ్ళేక మేం కూడా కావా వేరు దంచి నీళ్ళలో కలుపుకుని తాగే గిన్నె ఎత్తుకొచ్చి అక్కడే చేరాం.

రేపు పొద్దున పడవకి తవెయునీ దీవిలో పుట్టింటికి వెళ్ళిపోతానని అప్పటికే చెప్పేసింది. చాప కూడా చుట్టేసుకుంది. మా దగ్గర పెళ్ళయిన ఆడది చాప చుట్టుకుని పుట్టింటికి వెళ్ళిందంటే అది చుట్టపుచూపుకి కాదు. మొగుడు నన్ను మర్చిపోయాడు అని ఊరందరికీ చెప్పడం. అందుకే ఆ పిల్ల అడిగిన మాట మామూలు మాట కాదు. "ఆ దేశంలో దిగాక ఫోనులో నెట్ రావాలంటే ఎన్నాళ్ళు పడుతుంది మామయ్యా?" అని అడిగింది.

విలికెసా ఒకప్పుడు వెళ్ళొచ్చినవాడే. బుండబర్గ్ దగ్గర చిలగడదుంపలు తవ్వడానికి ఒక పంటకాలం ఉండి వచ్చాడు. పిల్లని నవ్వించాలని ఆయనకి మనసులో ఉంది పాపం. కానీ ఆయనకి నోరు తెరిస్తే ఒకటే పని తెలుసు.

"ఎన్నాళ్ళేంటమ్మా ఎన్నాళ్ళు! విను. బ్రిస్బేన్‌లో విమానం దిగాను. దిగినవాళ్ళు దిగినట్టు సంచుల కోసం పరుగు. నేను పరిగెత్తలేదు. మనకి పరుగెందుకు? నింపాదిగా నడుచుకుంటూ సిమ్ కార్డులమ్మే కొట్టు దగ్గరికి వెళ్ళాను. అక్కడో పిల్ల, మొక్కజొన్న పీచు రంగు జుట్టు. 'పాస్‌పోర్టు' అంది. ఇచ్చాను. 'ఎన్నాళ్ళుంటారు' అంది. 'చిలగడదుంపలు అయిపోయేదాకా' అన్నాను. పాత సిమ్ తీసింది, కొత్త సిమ్ పెట్టింది, ఫోను నా చేతిలో పెట్టింది. నెట్ వచ్చేసింది! లుంగీ సర్దుకునేంతసేపు కూడా పట్టలేదు."

"అంతేనా మామయ్యా?" అంది లితియా.

"అంతే మరి!"

లితియా తలొంచుకుని చాప పీచు గిల్లుతూ కూర్చుంది. విలికెసా అది చూడలేదు. కావా కలుపుతున్న అపెనిసా వైపు చూస్తున్నాడు. అపెనిసా ఆయనకి మేనమామ కొడుకు, బావ. మా దగ్గర బావలంటే ఒకళ్ళనొకళ్ళు ఎంత ఏడిపించుకుంటే అంత మర్యాద ఇచ్చుకున్నట్టు లెక్క.

"అదంతా ఇంగ్లీషులోనే చెప్పావా బావా? నీకొచ్చిన ఆ నాలుగు ముక్కల్లోనా?" అన్నాడు అపెనిసా, గిన్నెలో చెయ్యి తియ్యకుండానే.

"ఇంగ్లీషుతో పనేంటి బావా, పద్ధతి తెలియాలి గాని! అసలు సంగతి ఇంకా చెప్పనే లేదు. నువ్వే చెప్పు. పరాయివాళ్ళ నేల మీద కాలు పెట్టాం. వాళ్ళ నీళ్ళు తాగాలన్నా, వాళ్ళ చేప పట్టాలన్నా ముందు కావా వేరు పెట్టి అడగాలా వద్దా?"

"అడగాల్సిందే" అన్నాం మేమంతా. అందులో కోతేం లేదు. పక్క ఊరికి వెళ్ళినా సరే, సెవుసెవు ఇవ్వకుండా మేం ఎవరి గడపా తొక్కం. కావా వేళ్ళ కట్ట తీసుకెళ్ళి ఇంటిపెద్ద ముందు పెట్టి, మేమొచ్చాం, మమ్మల్ని రానివ్వండి అని అడుగుతాం. వాళ్ళు చేతులు చరిచి సరేనన్నాకే లోపలికి అడుగు.

"మరి వాళ్ళ నెట్ మాత్రం ఊరికే వాడేసుకుంటామా? దొంగలమా మనం? అందుకని ఏం చేశాను, అక్కడే, ఆ విమానాశ్రయంలోనే, నున్నటి నేల మీద కాళ్ళు మడుచుకుని కూర్చున్నాను. సంచీలోంచి కావా వేళ్ళ కట్ట తీసి ఆ పిల్ల ముందు పెట్టి, మనవాళ్ళు పెద్దల ముందు మాట్లాడినట్టు మొదలుపెట్టాను. ఈ దేశపు గాలికి పెద్దలైన మీకు, ఈ గాలిలో తిరిగే మాటలకి పెద్దలైన మీకు, వనువా లేవు దీవి నుంచి విలికెసా అనేవాడు తలొంచి అడుగుతున్నాడు, కాస్త నెట్ ఇప్పించండి అని! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పోలీసులొచ్చారు" అన్నాడు అపెనిసా.

"వచ్చారు! వచ్చి కూర్చున్నారు! ఆ పిల్ల బల్ల వెనక నుంచి వచ్చి నా ఎదురుగా కూర్చుని చప్పట్లు చరిచింది. దాని వెనక మేనేజరు కూర్చున్నాడు. మేనేజరు వెనక పోలీసులు, వాళ్ళ వెనక సంచులు వెతికేవాళ్ళు. సంచులు వాసన చూసే కుక్క కూడా ముందుకాళ్ళు మడుచుకుని కూర్చుంది బావా, నా మాట అబద్ధమైతే ఈ కావా చిప్ప మళ్ళీ ముట్టుకోను. ఎగరబోయే విమానాలన్నీ ఆపేశారు. పైలట్లు టోపీలు తీసి కిటికీల్లోంచి చూస్తున్నారు. అప్పుడు మేనేజరు కళ్ళు తుడుచుకుని ఏమన్నాడంటే, 'అయ్యా, మా దగ్గర రోజూ వేలమంది సిమ్‌లు కొంటారు, ఒక్కడూ ఇంత మర్యాదగా అడగలేదు. మీకు నెట్ కొలిచి ఇచ్చేదేం లేదు, మీ ఇష్టమొచ్చినంత తోడుకోండి' అన్నాడు."

మేం నవ్వాం. లితియా కూడా పెదవి చివర కాస్త నవ్వింది. వెనక కూర్చుని కొబ్బరి కోరుతున్న ఉనాయిసి మాత్రం నవ్వలేదు. ఉనాయిసి విలికెసా భార్య. ఆవిడ ఈ కథ ఇదివరకు చాలాసార్లు విన్నది కదా, అందుకని నవ్వలేదేమో అనుకున్నాను.

అపెనిసా చిప్ప నింపి అందించాడు. విలికెసా ఒక్కసారి చేతులు చరిచి, గటగటా తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

"అది పట్నంలో. పొలం దగ్గరికి వెళ్ళాక చూడు నా సామిరంగా! ఎటు చూసినా చిలగడదుంప తీగలే. సిగ్నల్ అనే మాటే లేదు. ఫోను పైకెత్తితే లేదు, కిందకి దించితే లేదు, చెట్టెక్కితే లేదు. మిగతావాళ్ళంతా తలలు పట్టుకుని కూర్చున్నారు. ఏడుస్తున్నారు కొందరు. నేను ఏడవలేదు. టవర్ ఎక్కడుంది అని అడిగాను. అదిగో ఆ కొండ మీద అన్నారు. సరే, కావా గిన్నె నెత్తిన పెట్టుకుని బయల్దేరాను."

"టవర్ దగ్గరికి ఎవరైనా నడిచి వెళ్ళొచ్చా మామయ్యా? చాలా దూరమా?" అంది లితియా. ఆ గొంతులో ఒక ఆశ ఉంది. చాలా దూరం అని చెబితే బాగుండునన్న ఆశ.

"దూరమా? చంటిపిల్లాడు పాక్కుంటూ వెళ్తాడమ్మా! అలా వెళ్ళి ఇలా రావచ్చు!"

వెనక కొబ్బరి కోరే చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

"టవర్ అంటే మన చర్చి గంట స్తంభం అనుకునేరు. మబ్బులు దాని కొసకి తగిలి చిరిగిపోయేవి. దాని మొదట్లో కూర్చున్నాను. పద్ధతిగా కావా కలిపాను, మొదటి చిప్ప దానికే పోశాను. మూడుసార్లు చప్పట్లు చరిచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టవర్ ఒంగింది!"

"ఇనుప టవర్?"

"ఇనుప టవరే! మన పాస్టరుగారు ప్రార్థన ముందు తలొంచుతారే, అంత మర్యాదగా ఒంగి, నా ఫోను దగ్గరికి మొహం తెచ్చి, 'ఏం కావాలి నాయనా' అన్నట్టు నిలబడింది. ఇక ఫోనులో ఆ గీతలు పెరగడం మొదలుపెట్టాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో గీతకి లోపల చోటు చాల్లేదు. ఫోను మూలలోంచి బయటికి పొడుచుకొచ్చి నా వేలికి గుచ్చుకుంది. ఇదిగో మచ్చ."

"అది పోయినేడు చేప ముల్లు గుచ్చుకున్న మచ్చ బావా. నేనే తీశాను ఆ ముల్లు."

"అదీ ఉంది, ఇదీ ఉంది! ఒకే చోట! నువ్వు మధ్యలో అడ్డు రాకు. ఆ నెట్‌కి ఫోను ఎంత వేడెక్కిందంటే, దాని మీద కర్రపెండలం ముక్క పెడితే ఉడికిపోయేది. నేను మాట అనకముందే మాట ఇక్కడికి వచ్చేసేది. అప్పుడు మీ అత్తయ్యకి వీడియో కాల్ చేశాను లితియా. చెయ్యగానే ముందు ఏమొచ్చిందో తెలుసా? మొహం కాదు, వాసన! మా ఇంట్లో కొబ్బరిపాలల్లో ఉడుకుతున్న చేమదుంపాకు వాసన, ఫోనులోంచి గుప్పున కొట్టింది. ఆ తర్వాత మొహం వచ్చింది. ఎంత స్పష్టంగా వచ్చిందనుకున్నావు! ఇదిగో, ఈ ఎడమ బుగ్గ మీద దోమ వాలి ఉంది. రక్తం తాగుతోంది. నేను చూస్తూ ఊరుకుంటానా? ఫోనులోకి చెయ్యి పెట్టి దోమని కొట్టాను!"

ఇంక నవ్వు ఆపుకోవడం మా వల్ల కాలేదు. అపెనిసా గిన్నె అంచు పట్టుకుని ఊగిపోతున్నాడు.

"మెల్లిగానే కొట్టాలే" అన్నాడు విలికెసా. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు కాస్త తగ్గింది. "బుగ్గకి దెబ్బ తగలకుండా మెల్లిగా కొట్టాను. బుగ్గ వెచ్చగా ఉంది. అటు నుంచి ఈవిడ ఏమంది? 'పొలంలోంచి వచ్చావు, ముందు చెయ్యి కడుక్కున్నావా' అంది! ఇక ఆ రోజు నుంచి నేను అక్కడి తిండి ముట్టలేదు. ఆకలేసినప్పుడల్లా ఫోనులో చెయ్యి పెట్టడం, మా ఇంటి గిన్నెలోంచి ఓ ముక్క తీసుకోవడం."

"రోజూ మాట్లాడేవాడివా మామయ్యా?" అంది లితియా.

"రోజూనా? పూటపూటకీ! దుంప తవ్వినప్పుడల్లా! చూడమ్మా, మొగుడన్నవాడికి పెళ్ళాం మీద ప్రేమ ఉండాలే గాని, నెట్‌దేముంది? అదే వస్తుంది!"

ఆ మాట పడ్డాక నవ్వులన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. అపెనిసా బావగారి వైపు చూసి కళ్ళతో సైగ చేశాడు, ఇక చాల్లే అని. విలికెసా దాన్ని ఇంకా చెప్పమన్నట్టు అనుకున్నాడు. ఆయనంతే, బండి కొండ దిగడం మొదలుపెడితే బ్రేకు కోసం చూసే మనిషి కాదు.

"ఉండాలి" అంది లితియా, తనలో తానే అనుకున్నట్టు. "ప్రేమ ఉండాలి."

"మరి అదే కదా నేను చెప్పేది! ఇంకా విను. నా ఫోను చుట్టూ నెట్ పొంగి పొర్లి పోతుంటే కంగారూలు వరసకట్టాయి. ఒక్కో కంగారూ సంచీలో ఒక్కో ఫోను. పిల్ల కంగారూలు సంచీలోంచి తలలు బయటపెట్టి బొమ్మలు చూసుకుంటున్నాయి. ఇక అక్కడ ఏం జరిగిందంటే, క్వీన్స్‌లాండ్‌లో ఉన్న నెట్ అంతా నా దగ్గరికే వచ్చేసి, మిగతా ఊళ్ళన్నీ ఎండిపోయాయి. బ్యాంకులు మూతపడ్డాయి, రైళ్ళు ఆగిపోయాయి. అప్పుడు ఒక పెద్ద అధికారి హెలికాప్టరులో వచ్చి తీగల మధ్య దిగి, నా ముందు టై విప్పి కూర్చుని, 'విలికెసాగారూ, మా జనం అల్లాడిపోతున్నారు, కాస్త నెట్ తిరిగి ఇప్పించండి' అని అడిగాడు. అడిగినవాడికి లేదనడం మన రక్తంలో ఉందా? తీసుకో బాబూ అని ఓ చిప్పెడు..."

లితియా లేచింది. రాట దగ్గరికి వెళ్ళి, మేకుకి ఉన్న సంచీ తీసుకుంది.

"ఎక్కడికమ్మా? కథ ఇంకా ఉంది" అన్నాడు విలికెసా.

"ఇంటికి మామయ్యా. పొద్దున్నే పడవ కదా. ఇంకా సర్దుకోవాలి." మర్యాదగానే అంది. "నువ్వు చెప్పింది నిజమే. రావాలనుకుంటే వచ్చేది. చంటిపిల్లాడు పాక్కుంటూ వెళ్ళేంత దూరమైతే, ఇన్నాళ్ళూ రాలేదంటే, రావాలని లేదనే కదా."

నవ్విద్దామని మొదలుపెట్టిన కథ ఎక్కడికి తేలిందో అప్పుడు గాని విలికెసాకి అర్థం కాలేదు.

"కూర్చో లితియా" అంది ఉనాయిసి. కోరిన కొబ్బరి పక్కకి పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని ముందుకి వచ్చింది. "ఏమయ్యా. నువ్వు ఫోను చేసింది ఎవరికి?"

"నీకే! ఇంకెవరికి చేస్తాను?"

"నాకు ఒక్కసారి కూడా రాలేదు. నువ్వు విమానం ఎక్కిన రోజు నుంచి దిగి ఇంటికొచ్చిన రోజు దాకా ఒక్కసారి కూడా రాలేదు."

"మర్చిపోయింది" అన్నాడు విలికెసా మా వైపు తిరిగి. "వయసు మీద పడుతోంది కదా, పాపం, మర్చిపోయింది."

"బ్రిస్బేన్‌లో సిమ్ కొన్నాడు, అది నిజమే" అంది ఉనాయిసి, ఆయన్ని వదిలేసి లితియాతోనే. "అది ఫోనులో వేసుకున్నాక నెట్‌లోకి వెళ్ళి పేరూ, పాస్‌పోర్టు నంబరూ కొడితేనే నెట్ మొదలవుతుందట. నెట్ లేకుండా నెట్‌లోకి ఎలా వెళ్ళడం? ఎవర్నైనా అడిగితే చేసిపెట్టేవాళ్ళు. ఈయన అడగలేదు, సిగ్గు. పొలానికి వెళ్ళాడు. ఆ పొలం యజమాని ఇంట్లో వైఫై ఉంది. పనివాళ్ళందరినీ వాడుకోమన్నాడు ఆయన. టోంగా వాళ్ళు, వనువాతు వాళ్ళు, అందరూ సాయంత్రం ఆ ఇంటి అరుగు మీద కూర్చుని పెళ్ళాం బిడ్డలతో మాట్లాడుకునేవాళ్ళు. ఈయన మాత్రం గేటు అవతల నిలబడేవాడు."

"అవతలెందుకు?" అన్నాడు అపెనిసా.

"చేతిలో కావా వేరు లేదు కనక. ఇక్కణ్ణుంచి నేను కట్టిచ్చిన కట్ట, దారిలోనే ఎవరో సువా పట్నం కుర్రాళ్ళు అడిగారు. ఇచ్చేశాడు. సెవుసెవు ఇవ్వకుండా ఆ ఇంటి గడప తొక్కడం, వాళ్ళ నెట్ ఊరికే తీసుకోవడం ఈయన వల్ల కాలేదు. అందరినీ పిలిచారు సరే, నన్ను పేరు పెట్టి పిలిస్తే వెళ్దామని రోజూ గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ యజమానికి ఏం తెలుస్తుంది పాపం? ఈయనకి సూర్యుడు దిగడం చూడ్డం ఇష్టం కాబోలనుకుని అరుగు మీంచి చెయ్యి ఊపేవాడు. ఈయనా ఊపేవాడు. చిలగడదుంపలు అయిపోయేదాకా ఇద్దరూ అలా చేతులూపుకుంటూనే ఉన్నారు."

ఎవరో నవ్వబోయి మానేశారు.

"ఎవరికీ చెప్పనని ఒట్టేశావే" అన్నాడు విలికెసా నెమ్మదిగా.

"వేశాను. ఇన్నేళ్ళూ చెప్పానా?" అంది ఉనాయిసి. తర్వాత లితియా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నీకు ఇంకోటి చెప్పాలి. ఆ ఏడు మా అమ్మకి బాగాలేదని నేను మా ఊరు వెళ్ళాను, అందరికీ గుర్తుందిగా? అమ్మకి ఏ జబ్బూ లేదు. నేను చాప చుట్టుకుని వెళ్ళిపోయాను. ఈయన నన్ను మర్చిపోయాడనుకున్నాను, ఇంకెవరో దొరికిందనుకున్నాను, ఏమేమో అనుకున్నాను. ఈయన వచ్చేసరికి ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది. సంచీ కూడా దించకుండా, తప్పు ఒప్పుకునేటప్పుడు పెద్దల ముందు పెట్టే తిమింగలం పన్ను ఎవరి దగ్గరో బదులు తీసుకుని, మా ఊరు వచ్చి మా నాన్న ముందు కూర్చుని క్షమించమన్నాడు. ఏ తప్పుకయ్యా అని మా నాన్న అడిగాడు. 'తెలీదండీ, ఏదో చేసే ఉంటాను' అన్నాడు."

ఉనాయిసి వాళ్ళ అమ్మకి చేప పులుసు వండి పంపినవాళ్ళం మేమంతా. విలికెసా నేల చూపులు చూస్తున్నాడు. అంత పెద్ద మనిషి ఒక్కసారిగా చిన్నగా కనిపించాడు.

కానీ లితియా మొహంలో ఇంకా అనుమానం పోలేదు. అత్తయ్య తనని ఆపడానికి ఈ కథ అల్లిందేమో! ఒకే ఇంట్లో ఇద్దరికీ అల్లడం వచ్చేమో! మామయ్య ఇంకా అవునన్లేదు, కాదన్లేదు.

"మామయ్యా" అంది. "చెల్లెలి కూతురిగా అడుగుతున్నాను."

అపెనిసా చేతిలో చిప్ప కింద పెట్టేశాడు. మా దగ్గర చెల్లెలి బిడ్డ ఆ మాట అని అడిగితే మేనమామ కాదనకూడదు. పందిని అడిగినా, పడవని అడిగినా, ఇంటికప్పు అడిగినా ఇచ్చి తీరాలి. కానీ పందినీ పడవనీ కాకుండా ఇంకోటి అడగడం మేం ఎప్పుడూ చూడలేదు.

"అడుగమ్మా" అన్నాడు విలికెసా.

"నువ్వు అత్తయ్యకి ఫోను చెయ్యాలని లేక చెయ్యలేదా, చెయ్యడం చేతకాక చెయ్యలేదా?"

విలికెసా తలెత్తి మా మొహాలన్నీ ఒకసారి చూశాడు. అపెనిసా మొహం దగ్గర కాసేపు ఆగాడు. ఈ ఒక్క మాట బావ చెవిలో పడిందంటే ఇక బతికున్నంతకాలం ప్రతి పెళ్ళిలో, ప్రతి చావులో, ప్రతి కావా గిన్నె దగ్గరా ఇదే మాట వినాల్సి వస్తుందని ఆయనకి బాగా తెలుసు. పందినివ్వమంటే నవ్వుతూ ఇచ్చేసేవాడు.

"చేతకాకమ్మా" అన్నాడు.

మళ్ళీ తనే అన్నాడు. "చేతకాలేదు తల్లీ. ఫోను నా చేతిలోనే ఉంది. నెట్ ఆ గేటు అవతలే ఉంది. రోజూ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళి నిలబడేవాణ్ణి. ఇవాళ మీ అత్తయ్య మొహం చూస్తాను అనుకునేవాణ్ణి. కాలు కదిలేది కాదు. ఆవిడ మొహం చూడాలని ఎంత ఉండేదో, దేవుడికి తెలుసు. ఆ దోమని కొట్టడం, ఆ గిన్నెలో చెయ్యి పెట్టడం, అదంతా ఆ గేటు దగ్గర నిలబడి అనుకున్నదే."

ఉనాయిసి మొహం తిప్పుకుంది. కళ్ళు తుడుచుకుంటోందని అందరికీ తెలుస్తూనే ఉంది.

"నిజంగా ఒక్కసారి కూడా చెయ్యలేకపోయావా మామయ్యా?"

"ఒక్కసారి కూడా! ఎంత చేతకాదనుకున్నావు నాకు!" అన్నాడు విలికెసా, చాప మీద మళ్ళీ ముందుకి జరుగుతూ. ఆయన గొంతులోకి మెల్లిగా ప్రాణం వచ్చింది. "నా అంత చేతకానివాడు ఆ దేశంలో అంతవరకూ కాలు పెట్టలేదు! ఆ పొలంలో అరవయ్యేళ్ళ టోంగా ముసలాయన, ఫోను తలకిందులుగా పట్టుకునేవాడు, అతను కూడా మనవరాలితో మాట్లాడేశాడు! నేను మాట్లాడలేకపోయాను! సిగ్గుపడటంలో నన్ను మించినవాడు ఈ వనువా లేవులోనే కాదు, మొత్తం ఫిజీలోనే లేడు!"

అపెనిసా చిప్ప నిండా కావా ముంచి రెండు చేతులతో బావ ముందు పెట్టాడు.

"ఇవాళ నువ్వు చెప్పినవాటిలో ఈ ఒక్కటీ కోత కాదు బావా" అన్నాడు. ఇంకేం అనలేదు. ఆయన తాగేదాకా ఆగి, మేమంతా చేతులు చరిచాం.

లితియా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది కూడా. కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఆయనకి నీకంటే సిగ్గెక్కువ మామయ్యా" అంది. "మా పెళ్ళిలో మా నాన్న పేరు పెట్టి పిలవలేదని వంటపాక బయటే నిలబడ్డాడు. అందరూ తినేశారు. గిన్నెలు కడిగేశారు. ఎవరూ చూసుకోలేదు. పెళ్ళికొడుకు తిండి లేకుండా పడుకున్నాడు ఆ రోజు."

"అతనికి కావా కట్టిచ్చావా?" అంది ఉనాయిసి.

"ఇచ్చాను. మంచి వేళ్ళు, పెద్ద కట్ట."

"దారిలో ఎవరో ఒకరు అడిగే ఉంటారు."

"అడిగే ఉంటారు" అంది లితియా. సముద్రం వైపు చూసింది. పోటు తగ్గి నీళ్ళు వెనక్కి పోతున్నాయి, మడ చెట్ల వేళ్ళు బయటపడుతున్నాయి. తర్వాత ఉనాయిసి దగ్గర కొబ్బరి పళ్ళెం తన ఒళ్ళోకి లాక్కుని అడిగింది.

"రేపు పొద్దున పీతలకి వెళ్తున్నావా అత్తయ్యా?"

"నీళ్ళు ఇలాగే తీస్తే వెళ్తాను."

"నేనూ వస్తాను."